వచ్చేది, పోయేది

సౌండ్ మిక్సర్ ముందు నిలబడితే నాకు భయమంటే ఏమిటో తెలియదు. పదిహేనేళ్లుగా నేను తగిలించిన మైకు ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు. మా అక్క మొగుడు నన్ను కరెంటమ్మ అని పిలిచేది అందుకే. ఆ ఉదయం ఆ బావ ఉద్యోగమే నా చేతిలో పడింది.

బావ ఒక పాటల బృందంలో కీబోర్డు వాయిస్తాడు. వేదిక దిగుతూ జారిపడ్డాక ఎడమచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. బృందం నడిపే మాస్టారు మొహమాటం లేని మనిషి. "రేపు ప్రోగ్రాంకి వచ్చేది నువ్వా, కొత్త అతనా, ఇవాళ పదింటికి రిహార్సల్ గదిలో తేల్చేద్దాం" అన్నారు.

ఎడమచేతి పని కాళ్లకు అప్పగించాలన్నది నా ఆలోచన. కాళ్లతో నొక్కే చెక్కలున్న పెట్టె ఒకటి సంపాదించాను. దానికి సొంత గొంతు లేదు. ఏ చెక్క నొక్కామో తీగ ద్వారా కీబోర్డుకు చెబుతుంది, కీబోర్డు పలుకుతుంది. బావ అప్పటికే మా ఇంట్లో, నా కీబోర్డు మీద నెల రోజులు సాధన చేసి ఉన్నాడు.

రిహార్సల్ గదిలోది బృందం కీబోర్డు. వెనకవైపు తీగలు పెట్టే రంధ్రాల దగ్గర అక్షరాలు ఎప్పుడో చెరిగిపోతే బావే చీటీలు అంటించాడు: "వచ్చేది", "పోయేది". ఇంకేం, పెట్టె తీగ "వచ్చేది"లో పెట్టాను. మైకులో హలో అంటే స్పీకరు పలికింది. కుడిచేతి వేళ్లకు కీబోర్డూ పలికింది. బావ కాలు వేశాడు. ఉలుకూ పలుకూ లేదు.

అందులోనే వేరే తీగ పెట్టి చూశాను. పెట్టె ఆపి మళ్లీ వేశాను. మాస్టారు గడియారం చూసుకున్నారు. బావ నుదుటి మీద చెమట చూసేసరికి నాకు నా మీదే ఒళ్లు మండింది.

"పోనీలే కరెంటమ్మా, నువ్వు చెయ్యాల్సింది చేశావు."

"నువ్వు కాసేపు ఊరుకో బావా. ఈ చీటీ మీద వచ్చేది అని రాశావే, ఎటు వచ్చేది? కీబోర్డులోకా, నీ వైపుకా?"

"నా వైపుకే. ఇక్కడ కూర్చునేది నేనే కదా."

నేనేమో ఎప్పుడూ యంత్రం వైపు నుంచే ఆలోచిస్తాను. బావ తను కూర్చున్న కుర్చీలోంచి రాసుకున్నాడు. కీబోర్డు లోపలికి వెళ్లేది "పోయేది" అట! నవ్వు ఆపుకుంటూ తీగ పీకి అందులో పెట్టాను.

బావ పాదం ఆనించాడు. నేల అదిరేలా మంద్రస్వరం పలికింది. కుడిచేతి కింద పాట, కాళ్ల కింద దాని నడక, ఎడమచెయ్యి ఒళ్లో హాయిగా. మాస్టారు రెండో పాట అడిగారు, మూడోదీ అడిగారు. ఒకచోట కాలు తడబడితే చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"ఇంతకీ రేపు వచ్చేదెవరు మాస్టారూ?" తల ఎత్తకుండా అడిగాడు బావ.

"నువ్వే. బూట్లు మాత్రం విప్పి కూర్చో, టకటకమంటున్నాయి."

నేను కింద కూర్చుని తీగలు చుట్టడం మొదలుపెట్టాను. నా తల మీద ఒక చెయ్యి పడింది. వేళ్లు ముడుచుకోలేదు, బరువుగా అలాగే ఉండిపోయింది. అది బావ ఎడమచెయ్యి. చుట్టడం అయిపోయినా నేను లేవలేదు.