ఆకుమడిలో నత్తలు

మా ఆయన గణేశ్వరరావుకి నన్ను పుట్టింటికి తీసుకెళ్ళే తీరిక ఏనాడూ ఉండదు. నత్తగుల్ల కొంగల కోసమైతే నాలుగు నెలలు ఊరు కదలమన్నా కదలడు.

ఏటా జూన్ వానలకి ఆ కొంగలు మా పెరటి చింతచెట్టు మీదికి వస్తాయి. ఎక్కడి నుంచి వస్తాయో ఎవరికీ సరిగ్గా తెలియదు. మాకవరపాలెంలో అడిగితే సైబీరియా అని ఒట్టేసి చెబుతారు. మేము మాత్రం పురిటికొచ్చిన ఆడపిల్లలంటాం. అవి ఉన్నన్నాళ్ళూ చెట్టు కింద కట్టెలు కొట్టం, మైకు పెట్టం.

ఈ ఏడు జూన్‌లో చినుకు లేదు, జూలైలోనూ లేదు. కొంగలు వచ్చి, రెండు రోజులు చెట్టు చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. ఆగస్టు చివర వానలు పడ్డాక తిరిగొచ్చాయి గానీ, ముప్పై గూళ్ళుండే చెట్టు మీద అయిదే కట్టాయి. పిల్లలు బయటపడేసరికి అక్టోబరు దాటుతోంది. నవంబరులో కోతల కోసం అందరూ మళ్ళలో నీళ్ళు తీసేస్తే నత్తలు బురదలోకి దిగిపోయాయి. పిల్లలకి ఆకలి పెరిగే వేళకి మేత లేకుండా పోయింది. ఒక్కో గూడే ఖాళీ అయి, చివరికి ఒక గూడు, అందులో రెండు పిల్లలు మిగిలాయి. ఆ రెండైనా ఎగరాలని మా ఆయన దేవుడికి మొక్కుకున్నాడు. నా మోకాళ్ళ నొప్పులకి ఇన్నేళ్ళలో ఒక్క కొబ్బరికాయ కూడా మొక్కలేదు.

మొక్కుతో ఆగలేదు. నర్సీపట్నం సంతలో కొండ మీంచి దిగే అప్పయమ్మ దగ్గర బతికున్న నత్తలు కొనుక్కొచ్చాడు. నారు తీసి నాట్లయ్యాక ఖాళీగా పడున్న ఆకుమడిలో బోరు నీళ్ళు మోకాల్లోతు పెట్టి, వాటిని పోశాడు.

పక్క చేను రాజుబాబు గట్టు మీద ఆగాడు. "ఏటి మావా, కూరకి తెచ్చినవి సేలో పోత్తన్నావు?"

"నీ పని నువ్వు సూసుకోరా," అన్నాడు మా ఆయన.

కొంగలు వచ్చి, గట్టు మీద నిలబడి చూసి, వెళ్ళిపోయాయి. వారం రోజులూ అదే వరస.

"మీ ఆడపిల్లలకి సంత సరుకు ఆనదేమోనండి," అన్నాను. ఆయన నవ్వలేదు. గూట్లో పిల్లల అరుపు రోజురోజుకీ సన్నగిల్లుతోంది.

మరుసటి సంతకి నేనూ వెళ్ళాను. అప్పయమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఈవిడేనా బాబూ, బాలింత?"

నాకు యాభై రెండేళ్ళు. మా ఆయన తల సంచీలోకి దించేశాడు. "బాలింతకని సెప్తే మంచివి ఏరి ఇత్తాదనీ..." అని గొణిగాడు.

అసలు సంగతి నేనే చెప్పాను. అప్పయమ్మ బుట్ట మీద చెయ్యేసి పడీపడీ నవ్వింది. ఆ తర్వాత కసిరింది. "మోకాల్లోతు నీల్లలో ఆటికేటి దొరుకుద్ది బాబూ? ముక్కుతో తడుముకుని తినే పిట్టలు. మడం మునిగితే సాలు. బేగెల్లి నీల్లు తీసెయ్."

ఆ సాయంత్రమే గట్టు తెగ్గొట్టాడు. తెల్లారేసరికి తల్లీ తండ్రీ రెండూ ఆకుమడిలో దిగి మేస్తున్నాయి. సంతలో గుట్టు బయటపెట్టానని మా ఆయన నాలుగు రోజులు నాతో తప్ప లోకమంతటితో మాట్లాడాడు.

డిసెంబరు మొదటివారంలో, ఆయన సంతలో ఉండగా, పిల్లలు ఎగిరాయి. నేనొక్కదాన్నే చూశాను. పెద్దది కొమ్మ చివరిదాకా నడిచి ఒక్కసారిగా లేచింది. రెండోది దాని వెనకే. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నానికి తల్లీ తండ్రీ కూడా కనబడలేదు.

ఆయన చెప్పులు విడవకముందే చెట్టు వైపు చూశాడు. "పిల్లలేవే?"

"ఎగిరాయండి. రెండూనూ. జీడితోట మీదుగా."

అరుగు మీద కూలబడ్డాడు. "నువ్వు సూసావా?"

"సూసాను."

"బాగా ఎగిరాయా?"

"సిన్నది కాస్త తడబడిందండి. తరవాత బాగానే పోయింది."

అదే మాట మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఎగతాళి లేకుండా చెప్పాను. అప్పుడు చేతిసంచీలో కొత్తగా తెచ్చిన నత్తలు కదిలాయి.

"ఇయ్యేటి సేద్దాం?"

"ఇటియ్యండి, కూరొండుతాను."

ఆయన నా వైపు చూసి, లేచి ఆకుమడి వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళి సంచీ రెండో కొస పట్టుకున్నాను.