ఇరవై ఆరు దగ్గర ఆగాలి

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రీకి కొలతలంటే చిన్నచూపు. "చేతికి తెలుస్తుంది" అనేది ఆయన జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా తనకు తాను చెప్పుకున్న మాట. సూదిని పట్టి ఉంచే గింజంత స్క్రూ అయినా, మోటారు సైకిలు చక్రం నట్టయినా, ఎక్కడ ఆపాలో ఆయన చేతికి తెలిసేది. ఊళ్ళో సగం మిషన్లు ఆ చేతి చలవ మీదే నడుస్తున్నాయి కాబట్టి కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అలాంటి మనిషి యాభై రెండో ఏట పనిముట్ల కొట్టుకు వెళ్ళి, గొంతు తగ్గించి, బోల్టు ఎంత బిగిసిందో కొలిచి చెప్పే టార్క్ రెంచి కావాలన్నాడు. దొంగసరుకు అడిగినట్టే అడిగాడు.

కొట్టాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. మేస్త్రీ ఆయనకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

"టార్క్ రెంచా? మీకా? చేతికి తెలుస్తుందిగా?"

"తెలియడం మానేసింది" అన్నాడు మేస్త్రీ.

కొట్టాయన నవ్వబోయి, ఎదుటి మొహం చూసి మానుకున్నాడు. లోపలికి వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టాడు. ఒకదాంట్లో ఉన్నది చెయ్యంత పొడుగు. మేస్త్రీ చూపు దాని మీదికే పోయింది. బరువైనదే గట్టిదని ఎవరికైనా అనిపిస్తుంది.

"దేనికి వాడతారు?"

"మోటారు సైకిలు ముందు బ్రేకుకి. బ్రేకుని ఫోర్కుకి పట్టి ఉంచే రెండు బోల్టులు."

"పుస్తకంలో ఎంత రాసుంది?"

"ఇరవై ఆరు."

"అయితే పొడుగుదాని జోలికి పోకండి. అది నలభై దగ్గర మొదలవుతుంది. ఈ పొట్టిది తీసుకోండి, అయిదు నుంచి అరవై దాకా. మనకి కావలసిన అంకె మధ్యలో ఎక్కడో ఉండాలి. చివరల్లో ఏ రెంచి మాటా నమ్మలేం." కొట్టాయన పిడి తిప్పి, గీతల మీది అంకె చూపించాడు. "ఇలా పెట్టుకుని మెల్లగా లాగండి. కుదపొద్దు. టక్కుమంటుంది. అన్నదంటే అయిపోయినట్టే, ఇక చెయ్యి తీసెయ్యాలి. దీంతో బోల్టులు విప్పొద్దు. పనయ్యాక అంకె అడుక్కి తిప్పి పెట్టెలో పెట్టండి, లేకపోతే లోపల స్ప్రింగు నీరసపడుతుంది. ఇంకో మాట. బోల్టు మరలకి నూనె రాయొద్దు. పొడిగా ఉంటేనే ఆ అంకె నిజం, నూనె తగిలితే అదే అంకెకి బోల్టు మరీ బిగుసుకుంటుంది."

మేస్త్రీ బుద్ధిగా తల ఊపాడు. ఊపాడు గానీ, ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్లకు నూనె పోసిన మనిషి ఆ ఆఖరి మాట చెవికెక్కించుకుంటాడా? ఎక్కించుకోలేదు.

ఆ బండి మేస్త్రీ తమ్ముడిది. తమ్ముడు దాని మీదనుంచే పడి చనిపోయాడు. రెండేళ్ళుగా అది మేస్త్రీ ఇంటి వెనక షెడ్డులో పట్టా కప్పుకుని పడుంది. వారం కిందట తమ్ముడి భార్య వచ్చి అడిగింది. ఆమె నర్సు. ఇక మీదట రోగుల ఇళ్ళకు వెళ్ళి చూడాలని ఆమెకు కొత్తగా డ్యూటీ వేశారట.

"బస్సులు పట్టుకుంటూ కూచుంటే నాకు కుదరదు, బావగారూ. ఆ బండి బాగుచేసి ఇవ్వండి."

"అదెందుకమ్మా? ఇంకోటి చూద్దాం. నేను వెతికి పెడతాను."

"ఆయన నాకు నడపడం నేర్పింది దాని మీదే. అదే కావాలి. మీరు బిగించి ఇస్తే నాకే భయమూ ఉండదు."

ఆమె అనకూడని మాట ఒకటుంటే అదే.

ఎందుకంటే రెండేళ్ళ కిందట ఆ బండికి కొత్త బ్రేకు ప్యాడ్లు వేసింది ఆయనే. పై బోల్టు బిగించాడు. కింది బోల్టు వేళ్ళతో ఎక్కించాడు, ఇక రెంచి వెయ్యబోతుండగా దర్జీ ఆవిడ ఒకామె వీధిలోంచే కేకేసింది. బడి యూనిఫారాల పని మధ్యలో మిషను పట్టేసిందని ఏడుపొకటే తక్కువ. ఇప్పుడే వస్తానని వెళ్ళినవాడు గంట తరవాత వచ్చాడు. రెండు బోల్టుల తలలూ చోట్లోనే కనిపించాయి. పనైపోయిందనుకుని చేతులు తుడుచుకున్నాడు, పనిముట్లు సర్దేశాడు. మూడో రోజు, వంతెన దిగే చోట, ఒంటి బోల్టు మీద వేలాడుతున్న బ్రేకు పక్కకు తిరిగి చక్రాన్ని పట్టేసింది. బండి అదుపు తప్పిందని కాగితాల్లో రాశారు.

అది మరపు. మరపు మనిషన్నవాడికి ఉంటుంది. కానీ ఆ తరవాత ఆయన చేసింది మరపు కాదు. బండిని షెడ్డుకు తెచ్చిన రోజు, అందరూ వెళ్ళిపోయాక, మోకాళ్ళ మీద కూచుని చూశాడు. కింది కన్నం ఖాళీగా ఉంది. డబ్బాలో వెతికి, అలాంటిదే మరో బోల్టు తీసి, ఆ ఖాళీ కన్నంలో పెట్టి, ఈసారి గట్టిగా బిగించి, పట్టా కప్పేశాడు. ఆ సంగతి ఇంట్లో ఆవిడకు కూడా చెప్పలేదు.

రెంచి కొన్న మర్నాడు, తెల్లవారగానే షెడ్డులో కూచున్నాడు. ఫోర్కులు సరిచేశాడు, చక్రం మార్చాడు, ప్యాడ్లు వేశాడు. బోల్టులకు అలవాటు కొద్దీ రెండు చుక్కలు నూనె రాశాడు. ఇరవై ఆరు పెట్టి లాగాడు. టక్కుమంది.

"బిగించావా, అన్నయ్యా?"

వెనక్కి తిరిగాడు. మడత పెట్టిన పట్టా, దాని పక్కన సైకిలు పంపు. అంతే. గొంతు మాత్రం తమ్ముడిదే. తమ్ముడు బతికుండగా ఒక్కసారి కూడా ఆ మాట అడిగిన పాపాన పోలేదు. అన్నయ్య చెయ్యి పడితే చాలు, వెనకా ముందూ చూడకుండా బండెక్కి పోయేవాడు. బతికుండగా అడగనివాడు పోయాక అడుగుతున్నాడు.

"బిగించానురా" అన్నాడు మేస్త్రీ, ఎవరూ లేని షెడ్డుతో.

మర్నాటికి నమ్మకం పోయింది. టక్కుమన్నది రెంచేనా, తన మోకీలా? పుస్తకం రాసినవాడి తమ్ముడు పోయాడా ఏమన్నానా? రెండంకెలు ఎక్కువైతే మునిగిపోయిందేముంది? ఇరవై ఎనిమిది పెట్టి లాగాడు. టక్కు. "బిగించావా, అన్నయ్యా?" ఈసారి గొంతు కాస్త దగ్గరగా వినిపించింది. ఆ మర్నాడు ముప్ఫై. ఆ తరవాత ముప్ఫై రెండు. భయపడ్డ మనిషి చేతికి అంకెలిస్తే పెంచుకుంటూ పోవడం తప్ప ఇంకేం చేస్తాడు! రోజులు గడిచేకొద్దీ ఆ గొంతు భుజం దాకా వచ్చింది. ముప్ఫై ఎనిమిది పెట్టిన రోజున తమ్ముడి తలనూనె వాసన కూడా తగిలింది. మేస్త్రీ తిరిగి చూడలేదు. చూస్తే ఉంటాడేమోనని కాదు, ఉండడేమోనని.

"పొద్దున్నే ఆ బండితో కాపురం పెట్టారా ఏంటి?" అంది ఇంట్లో ఆవిడ.

పదో రోజు ఉదయం మరదలు హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చింది. బండి కడిగి, తుడిచి, సిద్ధంగా ఉంది. ఆమె సీటు మీద అరచెయ్యి ఆనించింది.

"ఒక్క నిమిషం, అమ్మా. ఆఖరిసారి చూసి ఇస్తాను."

నలభై నాలుగు పెట్టాడు. కింది బోల్టుకు తగిలించి లాగాడు. టక్కుమనలేదు. ఇంకాస్త లాగాడు. చేతికింద ఏదో మెత్తబడి, జారినట్టయి, ఠప్పున తెగింది. బోల్టు తల దొర్లుకుంటూ వెళ్ళి మరదలి చెప్పుకు తగిలి ఆగింది.

ఆమె వంగి తీసుకుంది. తెగిన చోట లోహం మెరుస్తోంది, చుట్టూ నూనె తడి.

"ఇదేంటి, బావగారూ? ఇది దారిలో తెగి ఉంటే?"

మేస్త్రీ రెంచిని బల్ల మీద పెట్టేశాడు. ఉన్నచోటనే కూలబడ్డాడు. బోల్టుని వదులుగా వదిలేసి ఒకసారి, బిగించి బిగించి ఇంకోసారి. ఇంకాస్త అయితే ఈమెను కూడా తన చేత్తోనే పంపించేవాడు. రెండేళ్ళు దాచినదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది. దర్జీ ఆవిడ కేక, వేళ్ళతో ఎక్కించి వదిలేసిన బోల్టు, ఖాళీ కన్నం, అందులో పెట్టిన మరో బోల్టు. ఒకదాని వెనక ఒకటి, ఏదీ తగ్గించకుండా చెప్పాడు.

మరదలు హెల్మెట్ కింద పెట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆ రోజు పొద్దున ఆయన నాతో చెప్పాడు" అంది ఆమె, బోల్టు తలను అరచేతిలో తిప్పుతూ. "ముందు బ్రేకు చప్పుడు చేస్తోంది, అన్నయ్యకి చూపించి వెళ్తానన్నాడు. నేనే వద్దన్నాను. నాకు డ్యూటీకి ఆలస్యమవుతుంది, ముందు నన్ను దింపు, సాయంత్రం చూపించుకోవచ్చులే అన్నాను. నన్ను దింపి వెనక్కి వస్తూనే కదా... పంపించింది నేనే, బావగారూ. ఈ రెండేళ్ళలో కంటినిండా నిద్రపోయిన రోజు ఒక్కటి కూడా లేదు."

ఆ మాట వినగానే మేస్త్రీకి హాయిగా అనిపించింది. దాచడమెందుకు, అనిపించింది. ఒంటిమీద బరువులో సగం ఎవరో అందుకున్నట్టయింది. పాపం ఇద్దరిదీ అన్నమాట. తాను ఒక్కడే కాదన్నమాట. ఆ వెంటనే ఆ హాయిని చూసి ఆయనకు అసహ్యం వేసింది.

"ఎలాంటి చప్పుడు?" అని అడిగాడు. "టకటకా, కీచుమనా?"

"కీచుమని. బ్రేకు పట్టినప్పుడల్లా. నేనూ విన్నాను."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆ చప్పుడేమిటో ఆయనకు తెలుసు. ఊరుకుంటే చాలు, ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆ సగం ఆమె మోస్తూనే ఉంటుంది.

"అది బోల్టు చప్పుడు కాదమ్మా" అన్నాడు. "కొత్త ప్యాడ్లు. సర్దుకునేదాకా నాలుగు రోజులు అలాగే అరుస్తాయి. వాడు నా దగ్గరికి వచ్చినా నేను వంగి చూసేవాణ్ణి కాదు. కొత్తవిరా, రెండ్రోజుల్లో అదే పోతుంది, పోరా అని పంపించేసేవాణ్ణి. నువ్వు ఆపినా, ఆపకపోయినా ఒకటే. నీ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు."

"నిజంగా?"

"నా మాట నమ్మొద్దు. ఏ మెకానిక్కునైనా అడుగు."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ముందు ఏడుపు రాలేదు. తరవాత వచ్చింది, చాలాసేపు వచ్చింది. మేస్త్రీ తల ఎత్తలేదు. ఏడుపు తగ్గాక ఆమె చున్నీతో మొహం తుడుచుకుంది. అప్పుడు ఆమె గొంతు మారింది.

"బోల్టు మరిచిపోయారు, సరే. నేనూ ఒకసారి ఒకరికి మందు వెయ్యడం మరిచిపోయాను, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కానీ ఆ కన్నం ఖాళీగా ఉందని మీరు ఆ రోజే చెప్పి ఉంటే, నా తప్పేం లేదని నాకు ఆ రోజే తెలిసేది కదా. మీ పరువు కోసం నన్ను రెండేళ్ళు అలా ఉంచేశారు."

బోల్టు సంగతి రోజుకు వందసార్లు తలుచుకున్నాడు గానీ, ఈ సంగతి ఒక్కసారి కూడా ఆయన ఊహకు రాలేదు.

ఆమె హెల్మెట్ తీసుకుంది. తెగిన బోల్టు తలను బల్ల మీద, రెంచి పక్కన పెట్టింది.

"లోపల ఇరుక్కున్న ముక్క తియ్యండి. రెండూ కొత్త బోల్టులు తెప్పించండి. రేపు పొద్దున వస్తాను. బిగించేది నేను. మీరు పక్కన నిలబడి అంకె చదవండి, చాలు."

"అలాగేనమ్మా" అన్నాడు మేస్త్రీ.