చంద్రవ్వ వృత్తి

జొన్నరొట్టె పెనం మీద ఉండగా స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. పక్క ఊళ్లో ఒకామె ప్రాణం తీసుకుందనీ, పంచనామాకు ఆడ కానిస్టేబుల్ ఉండాలనీ, వెంటనే బయల్దేరమనీ తోటి కానిస్టేబుల్ భానుప్రసాద్ చెప్పాడు. మా స్టేషన్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. చచ్చిపోయింది ఆడవాళ్లయితే నేను కానిస్టేబుల్‌ని. మిగిలిన రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. పైనుంచి ఆఫీసర్లు వస్తే చాయ్ కప్పులు సర్దే మనిషిని. సంగతి చెబితే మా ఆయన రంజిత్ నవ్వాడు. "టైపు కొట్టెటోళ్లను గూడ శవాల కాడికి పిలుస్తరా" అన్నాడు. మా అత్తమ్మ బాలలక్ష్మి మాత్రం పిండి ఇంకా మిగిలి ఉందని గుర్తు చేసింది. రొట్టెలన్నీ కాల్చి, డబ్బాలో పెట్టి, పొయ్యి తుడిచి, అప్పుడు యూనిఫాం వేసుకున్నాను.

రంజిత్ నలుగురిలో నా ఉద్యోగం గురించి చెప్పే పద్ధతే అది. "మా ఇంటామె స్టేషన్ల కూసొని టైపు కొడ్తది" అంటాడు. పరీక్షలు రాసి, మైదానంలో పరుగులు తీసి, ఇల్లు వదిలి శిక్షణకు పోయి తెచ్చుకున్న ఉద్యోగం ఆయన నోట్లో పడేసరికి ఉత్త కూర్చోవడం అయిపోతుంది. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను. నేనేం చేస్తానో ప్రతిసారీ చెప్పుకోవడం కూడా ఒక పనే. ఇంట్లో అప్పటికే చాలా పనులున్నాయి.

అది ఖానాపూర్ అవతల పత్తి చేన్ల మధ్య ఉన్న ఊరు. పోయినామె పేరు చంద్రవ్వ. నలభై దాటి ఉంటాయి. వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చూడాల్సినవన్నీ చూసి చెప్పడం నా పని. పత్తికాయల మొనలు గీరుకుని వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి. గోళ్ల పక్కన చర్మం పగిలింది. మోకాళ్ల కింద రేగడి మట్టి ఎండిపోయి ఉంది. ఎవరో ముసలామె ఆ మట్టి తుడుద్దామని చెంబుతో నీళ్లు తెచ్చింది. పంచనామా అయ్యేదాకా తుడవకూడదని చెప్పాల్సి వచ్చింది.

చంద్రవ్వ కొన్నేళ్లుగా సీతారాంరావు చేను కౌలుకు చేస్తోందట. భర్త అంతయ్య పెద్దపల్లిలో రైస్ మిల్లు లారీ నడుపుతాడు, ఎప్పుడో ఒకసారి ఇంటికి వస్తాడు. విత్తనాలు తేవడం, కూలీలను పిలవడం, పత్తి ఏరించడం, అమ్మడం అన్నీ ఆమే. ఆ ఏడు వాన ఆగక చేనంతా నీళ్లలో నిలబడి కుళ్లిపోయింది. ఇవన్నీ నాకు కూతురు కోమల చెప్పింది. డిగ్రీలో చేరిన పిల్ల. మాట మధ్యలో ఏడుపు వస్తే ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆపిన చోటి నుంచే మళ్లీ చెప్పింది.

మధ్యాహ్నానికి అంతయ్య వచ్చాడు. పంచనామాకు సాక్షులుగా పిలిచిన పంచులందరూ మగవాళ్లే. కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎస్సై విద్యాధర్ సార్ అడుగుతుంటే నేను రాస్తున్నాను. ఆమె ఏం పని చేసేదని సార్ అడిగాడు. అంతయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏం పని లేదు సార్. ఇంటి కాడనే ఉండేది."

అబద్ధం చెబుతున్న మొహం కాదు అతనిది. నన్ను ఎక్కువ కోసింది అదే. భార్య గురించి ఎవరడిగినా నోటికి వచ్చే మాట, అంత దుఃఖంలోనూ అలవాటుగా వచ్చేసింది. గుంజకు ఆనుకుని కూర్చున్న కోమల తలెత్తింది.

"ఇంటి కాడ లేంది నువ్వు బాపూ. అవ్వ ఎవుసం చేసింది."

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆడపిల్ల మధ్యలో రావద్దని పంచుల్లో ఒకాయన కసిరాడు. తల్లి వ్యవసాయం చేసిందన్న కోమల మాట నేను రాసుకున్నాను.

మామూలుగా ఆ రాత ఎవరికీ పట్టదు. కానీ చావుల లెక్క ఒక దారి వెంట చాలా దూరం పోతుంది. మా దగ్గర నేను కంప్యూటర్లో ఎక్కిస్తాను. జిల్లాలో కూడతారు, హైదరాబాద్‌లో కూడతారు, చివరికి ఢిల్లీలో దేశం మొత్తానికి కలిపి పుస్తకం వేస్తారు. ఏ రాష్ట్రంలో ఎందరు పోయారు, ఏ కారణంతో పోయారు, ఏ పని చేసేవాళ్లు పోయారు అని అందులో పట్టికలుంటాయి. పేపర్లు దాన్నే రాస్తాయి, సభల్లో దాన్నే చదువుతారు, పథకాలు దాన్ని చూసే గీస్తారు. ఎవరి పేరూ ఉండదు. ఒక గడిలో అంకె ఒకటి పెరుగుతుంది, అంతే. చంద్రవ్వ ఏ గడిలో పెరగాలన్నది ఆ రోజు నా వేలి కింద ఉంది. వృత్తి అన్నచోట నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, అందులో ఒకటి ఎంచుకోవాలి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అందరి వేలూ ఆలోచించకుండా 'గృహిణి' మీదికి పోతుంది. కారణం అన్నచోట 'కడుపునొప్పి' మీదికి పోతుంది. మా మండలం ఆడవాళ్లకు వచ్చినంత కడుపునొప్పి ఏ డాక్టరూ చూసి ఉండడు. భర్త కొట్టినా కడుపునొప్పే, పంట మునిగినా కడుపునొప్పే. నేను వృత్తి దగ్గర కౌలు సాగు అనీ, కారణం దగ్గర పంట నష్టం అనీ ఎంచాను.

సాయంత్రం విద్యాధర్ సార్ చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, గొంతు పెంచడు. రైతు అని పోతే పరిహారం కోసం రెవెన్యూ వాళ్లు విచారణకు వస్తారనీ, కౌలు కాగితం అడుగుతారనీ, సీతారాంరావు ఇవ్వలేదంటాడనీ, ఊరికే అందరూ పరేషాన్ అవుతారనీ నెమ్మదిగా వివరించాడు.

"భూమి ఆమె పేరు మీద ఉన్నదా నవీనా? పట్టా లేనామె రైతు ఎట్లయితది?"

"గాడ వృత్తి అని అడిగిండ్రు సార్. పట్టా అని అడగలే."

సార్ లేచాడు. నెలాఖరుకు ఇంకా సమయముంది కాబట్టి మార్చి పంపమన్నాడు. పోతూ పోతూ చాయ్ చెప్పమన్నాడు. చాయ్ చెప్పాను. మార్చలేదు.

ఆ ఆదివారం సీతారాంరావు మా ఇంటికే వచ్చాడు. రంజిత్ బండి స్పేర్ పార్టుల షాపు నడిచే అద్దె గది, మా మాటలో మడిగె, ఆయనదే. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "బాగున్నవా బిడ్డా" అని పలకరించాక మళ్లీ నా వైపు చూడలేదు. నా ఉద్యోగం గురించి నా భర్తతో మాట్లాడాడు. తన చేను ఎవరికీ కౌలుకు ఇవ్వలేదట. చంద్రవ్వ అందరిలాగే కూలికి వచ్చేదట. స్టేషన్ కంప్యూటర్లో పొరపాటున ఏదో పడిందని తెలిసి వచ్చాడట. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. రంజిత్ గొంతు వినిపించింది.

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్. నేను మార్పిస్త. మా ఇంటామెనే గద."

పక్కింటివాళ్లు నిచ్చెన అడిగితే తీసుకుపొమ్మన్నంత సులువుగా ఇచ్చేశాడు. లోపలికి వచ్చి ఒక మాట అడగొచ్చు, నాలుగడుగుల దూరం. అడగాలని ఆయనకు తట్టనే లేదు. నేనక్కడ పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ, ఈ చేతిని ఇంకా ఎవరెవరికి మాటిచ్చి ఉంటాడో అనుకున్నాను. పెళ్లైన కొత్తలో వాళ్ల మేనత్త కూతురి కాన్పుకు నేను వెళ్లి ఉంటానని మాటిచ్చాడు. తమ్ముడి పిల్లలు వేసవంతా మా దగ్గరుండటానికి మాటిచ్చాడు. నేను సెలవు పెట్టుకున్నాను, వండాను, ఉతికాను. అవన్నీ ఇంటి విషయాలని సర్దుకున్నాను. ఇప్పుడు ప్రభుత్వం నా చేతికిచ్చిన పనిని కూడా అదే మూటలో కట్టి ఇచ్చాడు. చంద్రవ్వ మొగుడికీ నా మొగుడికీ తేడా వెతుక్కుంటే, ఒకాయన భార్య చేసిన పనిని లేదన్నాడు, ఒకాయన తనదన్నాడు.

సీతారాంరావు వెళ్లాక నేను మార్చనని చెప్పాను. రంజిత్ మొదట నవ్వాడు, తర్వాత షాపు సంగతి గుర్తు చేశాడు, తర్వాత కంచం ముందు నుంచి లేచిపోయాడు. అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. మామయ్య ఉన్నన్నాళ్లూ సిరిసిల్లలో మరమగ్గాలు నడిపారు. వాళ్లు సాంచాలు అంటారు వాటిని.

"పెండ్లయినకాంచి నేను సాంచెకు నూలు కండెలు చుట్టిన పిల్లా. మీ మామ పోయినంక నేతోళ్ల పింఛన్ అడిగితె, నువ్వెన్నడు సాంచె నడపలే, నువ్వు నేతదానివి గాదన్నరు. నేనేమన్న కొట్లాడిన్నా?"

ఆమె మొదలుపెట్టినప్పుడు నా పక్షం మాట్లాడుతోందనుకున్నాను. తన గాయం చూపించి నా నోరు మూయించడానికి వచ్చింది. అందరికీ అయ్యేదేనని, ఎవరో చచ్చినామె కోసం కొడుకు షాపు పోగొట్టవద్దని చెప్పి, కంచాలు తీసి కడగమంది.

నెలాఖరున డ్యూటీకి వెళ్లి చూస్తే మారిపోయి ఉంది. వృత్తి గృహిణి. కారణం కడుపునొప్పి. కింద, ఎక్కించినవారు అన్నచోట నా పేరే. అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు సెలవు పెట్టి, పని ఆగకూడదని నా పాస్‌వర్డ్ భానుప్రసాద్‌కు చెప్పి ఉన్నాను. అతను దాచలేదు. "నీకు ఇబ్బంది గావద్దని నేనే మార్చిన అక్కా. సార్ గూడ గదే మంచిదన్నడు" అన్నాడు. నిజంగానే నాకు మేలు చేశాననుకుంటున్నాడు. విద్యాధర్ సార్‌ను అడిగితే పోయిన నివేదిక వెనక్కి రాదన్నాడు. ఆ సాయంత్రం రంజిత్ జిలేబీ తెచ్చాడు, నేనే మార్చాననుకుని. కాదని చెప్పినా నమ్మలేదు. నా మాట నమ్మడానికి కూడా ఆయనకు ఇంకో మగవాడు చెప్పాలి.

కొన్నాళ్లకు కోమల స్టేషన్ నివేదిక కాగితం నకలు కోసం వచ్చింది. చదువు మానేసి నిర్మల్‌లో బట్టల షాపులో చేరిందట. సీతారాంరావు ఆ చేనును ఇంకొకరికి కౌలుకిచ్చాడట. కాగితం చదివి నా ముందు పెట్టింది. "మా అవ్వకు కడుపునొప్పి ఎన్నడు లేకుండె అక్కా. నువ్వు రాసుకుంటుంటె నేను చూసిన గద" అంది. నేను రాసింది వేరనీ, నా పేరు మీద ఇంకొకరు మార్చారనీ ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. రైతు పరిహారానికి రెవెన్యూ ఆఫీసులో అప్పీలు పెడితే వచ్చి చెబుతావా అని అడిగింది. చెబుతానన్నాను. విచారణ ఒకసారి ఆఫీసర్ లేక, ఒకసారి ఎన్నికలని, ఒకసారి అంతయ్య రాలేదని వాయిదా పడుతూ పోయింది.

ఢిల్లీలో ఆ ఏటి పుస్తకం బయటకు వచ్చేసరికి రెండో పత్తి పంట కూడా ఇళ్లకు చేరింది. కోమల అప్పీలుకు తేదీ పడి, నాకు నోటీసు వచ్చిన వారం అది. సీతారాంరావు మనిషి షాపుకు వచ్చి, నేను సాక్ష్యం చెబితే మడిగె ఖాళీ చేయాల్సి ఉంటుందని చెప్పి వెళ్లాడు. జ్వరమని సెలవు పెట్టమని రంజిత్ రెండు రోజులుగా బతిమాలుతున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ ఊగిసలాడుతున్నాను. షాపు పోతే ఆ కోపం రోజూ మింగాల్సింది నేనే. పొద్దున తింటూ ఫోన్లో వార్తలు చూస్తున్న రంజిత్ పైకే చదివాడు.

"దేశంల ఆడోళ్లల్ల గృహిణులే బగ్గ సస్తున్నరట. ఇంట్ల కూసున్నోళ్లకు ఏం కష్టమో."

కూర వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను. వెళ్లి నా ఫోన్లో ఆ పుస్తకం తెరిచాను. ఎవరైనా చూడొచ్చు, దాపరికమేమీ లేదు. మా రాష్ట్రం వరుసలో వేలు పెట్టి జరుపుకుంటూ పోయాను. సాగు చేసే ఆడవాళ్ల గడిలో చిన్న అంకె ఉంది. ఎక్కడో పెద్ద చదువులు చదివినవాళ్లు దాన్ని చూసి, మా వైపు ఆడరైతులకు పెద్ద కష్టాలేమీ లేవని రాస్తారు. గృహిణుల గడిలో మాత్రం అంకె లావుగా, నిండుగా ఉంది. పత్తి ఏరిన వేళ్లూ, కండెలు చుట్టిన వేళ్లూ, బీడీలు చేసిన వేళ్లూ అన్నీ అందులోనే పడుకుని ఉన్నాయి. అందులో ఒకామెను పంపింది నేనని మా స్టేషన్ కంప్యూటర్లో రాసి ఉంది. రేపు నేను ఏమైపోయినా అంతయ్య కూర్చున్నట్టే రంజిత్ కుర్చీలో కూర్చుని, టైపు కొట్టేది సార్ అంటాడు.

వంటింట్లోకి తిరిగి వెళ్లలేదు. యూనిఫాం వేసుకుని బస్సెక్కాను.

విచారణ ఆఫీసులో బల్ల మీద గుమస్తా కాగితాలు పేర్చుకుని కూర్చున్నాడు. కోమల బెంచీ చివర ఉంది. సీతారాంరావు ఫ్యాను కింద కుర్చీలో ఉన్నాడు. గుమస్తా నా పేరు రాసుకున్నాడు, భర్త పేరు రాసుకున్నాడు. సీతారాంరావు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇది మీ ఇంటిదాంక వచ్చే ముచ్చట మేడం. మీరు వచ్చింది మీ ఆయనకు ఎరుకేనా?"

"గా అంకె నా పేరు మీద పోయింది సార్, మా ఆయన పేరు మీద గాదు. రాసుకోండ్రి. చంద్రవ్వ రైతు."