ఎడంచేతి ఉత్తరం

దవడ మీద కొట్టాలి, మొదటి దెబ్బ దవడ మీదే, పళ్లు రాలి చేతిలో పడాలి, వాడు నన్ను కొట్టిన అదే ఇనపరాడ్డుతో, అనుకుంటూ ఎడంచేత్తో పెన్ను పట్టుకున్నాను, కుడిచేతికి మోచేతి నుంచి వేళ్ల దాకా పిండికట్టు, లోపల విరిగిన ఎముక పోటు పెడుతోంది, ఎదురుగా అక్క కూర్చుని రాయరా అంటోంది, థాంక్స్ అని రెండు ముక్కలు రాయి, ఎప్పుడో ఏదో మేలు చేసే ఉంటాడుగా, ఆ తర్వాత వెళ్లి వాడితో తన్నుకు చావు, నేను అడ్డురాను, అక్కకేం, బస్సు డ్రైవరుకి ఉత్తరం, సూదులేసే నర్సుకి ఉత్తరం, కుళాయి బాగుచేసినవాడికి కూడా ఉత్తరం, ఈ పిచ్చివల్ల నీకేం ఒరుగుతుందే అంటే, రాసిన రోజు తిన్నది ఒంటపడుతుందిరా, పది రోజులుగా పళ్లు కొరుకుతూ చస్తున్నావు, నీకేం ఒరిగింది అంటుంది.

థాంక్సా, నా ఎముక విరగ్గొట్టిన ఫిట్టరుకా, ఆ రోజు పొద్దున ఇద్దరం కాలర్లు పట్టుకున్నాం, మధ్యాహ్నం వాడు రాడ్డుతో కసి తీర్చుకున్నాడు, మేనేజరుకు అదే చెప్పాను, వాణ్ణి పనిలోంచి ఆపేశారు, రేపు విచారణ, నా ఒక్క మాటతో వాడి ఉద్యోగం ఊడుతుంది, ఊడాలి, రోడ్డున పడాలి, సరేనే, రాస్తాను, వాడేం చేశాడో వరసగా వాడికే రాస్తాను, చదువుకుని ఏడవనీ.

నువ్వు రాడ్డు ఎత్తావు, అని మొదలుపెట్టాను, ఎడంచేత్తో రాస్తే తిట్టు కూడా నత్తలా వస్తుంది, ఒక్కో అక్షరం దగ్గరా ఆగాలి, ఆగిన చోటల్లా ఆ మధ్యాహ్నం కళ్ల ముందుకొస్తోంది, రేకులు వంచే ప్రెస్సు, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే పై అచ్చు దిగాలి, చేతులు బయటే ఉండాలని ఆ ఏర్పాటు, మేమేమో పని తొందరగా తెమలాలని ఒక బటన్‌లో అట్టముక్క దూర్చి బిగించేస్తాం, కాలర్లు పట్టుకున్నది దానికే, వాడు రెండుసార్లు పీకేశాడు, చెయ్యి తెగిపడితే ఏరుకుంటావా వెధవా అన్నాడు, నీ అబ్బ సొమ్మేం పోయిందిరా అని వాడి మూతి పగలగొట్టాను, రక్తం కారింది, వాడు అటు వెళ్లగానే మళ్లీ దూర్చారు, ఎవరు, నేనే, ఇది మేనేజరుకు చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు, రేకు వంకరగా ఉందని కుడిచెయ్యి లోపల పెట్టి సర్దుతుంటే, అలవాటు కొద్దీ ఎడంచెయ్యి రెండో బటన్ మీద పడింది, అచ్చు దిగుతోంది, ఆ మోతలో అరిచినా వినపడదు, పగిలిన మూతితోనే వాడు పరిగెత్తుకొచ్చాడు, రాడ్డు దెబ్బ పక్కనుంచి పడింది, ఎముక ఫెళ్లుమంది, చెయ్యి ఎగిరి బయటపడింది, వెనకే అచ్చు ధన్‌మని దిగి రేకును నలిపేసింది, రేకునొక్కదాన్నే.

ఛీ, ఏం మనిషినిరా నేను, అట్టముక్క సంగతి రాశాను, కింద థాంక్స్ అని రాశాను, ఏడుస్తున్నాను, పది రోజులుగా బిగుసుకున్న దవడ వదులైంది, అక్క చదివి కవరులో పెట్టబోతే వద్దే, అంటించకు, రేపు ముందు మేనేజరు చదవాలి అన్నాను, మరి నీ ఉద్యోగమో అంది, పోతే పోనీ, ఇంకో పని చూసుకుంటాను, ఆకలేస్తోందే, అన్నం పెట్టు, అంటూ కట్టు చివర బయటికున్న వేళ్లను చూశాను, వాచి నల్లబడ్డాయి, ఒక్కొక్కటే కదిపాను, ఐదూ కదిలాయి, వాడి మూతి పగలగొట్టింది ఈ చెయ్యే, వాడు కాపాడిందీ ఈ చేతినే.