నీలి చుక్క సీసాలు

సీసా లోపలి పూత వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. అది ఉన్నంతవరకే బయటి గాలి ప్లాస్టిక్‌లోంచి దూరి లోపలున్నదాన్ని పాడుచేయదు. పూత యంత్రం దగ్గర పనిచేసే ఆమెకి ఇది ఎప్పటినుంచో తెలుసు. తెలియనిది ఆ రోజు ఇంజనీరు చెప్పాడు. సీసాని గట్టిగా నొక్కితే పూత బీటలు వారుతుందట, అవి కంటికి కనబడవట.

అప్పుడప్పుడూ ఒక సీసా తీసి నొక్కి చూడటం, నొక్కు టక్కున పైకి లేస్తే గట్టి సీసా అని అడుగున నీలి చుక్క పెట్టడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. చేయి పడ్డవి కాబట్టి చుక్క సీసాలు బజారుకి పోవు. పక్క హాల్లో రోగులు తాగే ద్రవాహారం నింపాక పనివాళ్లే ఇళ్లకి తీసుకెళ్తారు. పక్షవాతంతో మాట పడిపోయిన మామగారికి ఆ ద్రవాహారమే భోజనం. తన చేత్తో నొక్కి చూసినవని ఏరి మరీ తెచ్చేది.

బస్సులో నిలబడ్డంతసేపూ అదే ఆలోచన. ఈమధ్య ఆయన చెంచా కనబడగానే మొహం తిప్పుకుంటున్నారు. మీ ఫ్యాక్టరీ వంట మొహం మొత్తినట్టుందని ఆడబిడ్డ నవ్వింది. నిన్న తను కూడా ఆయన్ని విసుక్కుంది, చంటిపిల్లాడిలా ఈ పేచీలేంటని.

ఇంట్లో అడుగుపెడుతూనే అలమరలోంచి సీసా తీసి ఒక గుక్క నోట్లో పోసుకుంది. పాతబడిన నూనె చేదు. సింకులో ఉమ్మేసింది.

"వదినా, ఇవాళ మావయ్యగారు ఎంత తాగారు?"

"సీసా మొత్తం. దవడ పట్టుకుని పోశాన్లే. ఏం, అలా చూస్తున్నావు?"

విషయం వినగానే ఆడబిడ్డ డాక్టరుకి ఫోన్ కలిపింది. ఆ ఆహారం ఆపేయమన్నాడు డాక్టరు. వాంతులైతే వెంటనే తీసుకురమ్మన్నాడు. ఈలోగా నీళ్లు పడుతూనే ఉండాలి, ఒళ్లు ఎండిపోతే ఆ మనిషి తట్టుకోలేడన్నాడు.

ఆమె గ్లాసూ చెంచా తెచ్చింది.

"మావయ్యగారూ, ఉత్తి నీళ్లే."

ఆయన పెదవులు బిగించారు. నీళ్లు గడ్డం మీంచి కారి దిండు తడిసింది. ఆయన చూపు చెంచా మీద లేదు, దాన్ని పట్టుకున్న చేతి మీద ఉంది.

"ముందు నేను తాగుతాను, చూడండి."

ఆయన కళ్లు ఆమె గొంతు మీదికి వచ్చాయి. మింగి, మళ్లీ చెంచా చాపింది. పెదవులు విడలేదు. గోడవైపు తిరిగి ఆడబిడ్డ కొంగుతో నోరు మూసుకుంది.

ఆమె ఇంకో చెంచా తాగింది.