సద్దుల నాటి ఉపవాసం

బతుకమ్మ తలకెత్తుకున్న కోడలికి నిర్మలాదేవి గడపలోనే అడ్డం నిలబడింది.

"చుట్టాలంతా వచ్చి ఉన్నారు. నలుగురిలో పడ్డావంటే మళ్లీ ఏ పండక్కీ గడప దాటనివ్వను."

"పడను అత్తమ్మా," అంది రాజ్యశ్రీ.

నిర్మలాదేవి వాళ్లు కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడు పక్కన పొలాలు కొని ఏళ్లయినా బతుకమ్మ ఆమె పండుగ కాలేదు. సద్దుల బతుకమ్మ రోజే ఆమెది దుర్గాష్టమి ఉపవాసం. అత్త మనసు మెత్తబడుతుందని ఈసారి రాజ్యశ్రీ కూడా ఆ ఉపవాసం పట్టింది. పట్టి, పొద్దున మింగాల్సిన మూర్ఛ మాత్రను కూడా తిండి కిందే జమకట్టి పక్కన పెట్టేసింది.

కిన్నెరసాని రేవులో ఆట మంచి ఊపు మీద ఉంది. చప్పట్ల మధ్యనే ఆశ కార్యకర్త రామక్క అడిగింది.

"గోలి ఏసుకున్నవా?"

"ఒక్కపొద్దు గదా అక్కా..."

"ఏందీ! గోలి మింగితే దేవత అలుగుతదా? షబ్నమ్, జల్దీ పో! వాళ్లింట్ల గోలీలు పట్కరా."

దర్జీ షబ్నమ్ స్కూటీ ఎక్కి దుమ్ము లేపుకుంటూ పోయింది.

కిందటేడు మిరప చేలో రాజ్యశ్రీ పడిపోతే ఈ ఆడవాళ్లే కేకలు పెట్టి పారిపోయారు. ఆ తర్వాత రామక్క వీళ్లను తన అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది. షబ్నమ్ ఫిట్స్ వచ్చిన మనిషిలా పడుకుంటే ఒక్కొక్కరూ ఆమెను పక్కకు తిప్పారు. "మెల్లగ తిప్పుండ్రే, నేను బియ్యం బస్తానా!" అని ఆమె మొత్తుకుంటే కడుపుబ్బ నవ్వారు.

పొద్దు వాలింది. ఒక్కొక్కరే నీళ్లలోకి దిగుతున్నారు. రాజ్యశ్రీ బతుకమ్మను ఎత్తుకుని మోకాలి లోతుకు దిగింది. అప్పుడు తగిలింది ముక్కుకు, మాడిన మిరపకాయల ఘాటు. చుట్టుపక్కల పొయ్యి లేదు, పొగ లేదు. మూర్ఛ వచ్చే ముందు ఆమెకు ప్రతిసారీ తగిలే వాసనే అది.

నోరు మూసుకుని నాలుగడుగులు వేస్తే బతుకమ్మ లోతు నీళ్లకు చేరుతుంది. చెబితే ఊరంతా చూస్తుంది, గడప మూసుకుంటుంది. ఎడమ చేతి వేళ్లు అప్పుడే లాగుతున్నాయి.

"రామక్కా! వాసనొస్తున్నది!"

రామక్క నీళ్లలోకి దూకినంత పని చేసింది. ఒకామె బతుకమ్మను అందుకుంది, ఇద్దరు రెక్కలు పట్టి ఒడ్డుకు లాగారు. ఇసుక మీద పక్కకు తిప్పి పడుకోబెట్టేలోపే ఒళ్లు బిగుసుకుంది. మిగిలిన ఆడవాళ్లు వీపులు లోపలికి, మొహాలు బయటికి పెట్టి చుట్టూ నిలబడ్డారు. కొంగులే తెరలయ్యాయి. పాట మాత్రం ఆగలేదు.

"తాళాలు! చేతిలో ఇనుము పెట్టండి!" చుట్టాలెవరో అరిచారు.

మాత్రలు తెచ్చిన షబ్నమ్ స్కూటీ దిగీ దిగకముందే వెనక కూర్చున్న నిర్మలాదేవి దూసుకొచ్చింది. చేతిలో ఇంటి తాళాల గుత్తి.

"తప్పుకోండే!"

షబ్నమ్ ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దమ్మా. ఇనుముతోటి ఏం కాదు."

"మరి చూస్తూ కూర్చోనా?"

"తల కింద మెత్తగ ఏదన్న పెట్టు," అంది రామక్క.

నిర్మలాదేవి ఇసుకలో కూలబడింది. తాళాలు కింద పడేసి, పట్టుచీర కొంగు మడిచి కోడలి తల కింద దూర్చింది. కోడలి నోటి వెంట నురగ ఆ కొంగుకే అంటింది. ఆమె కదల్లేదు. కాసేపు ఆమెకు పాట తప్ప ఏమీ వినబడలేదు.

కుదుపులు తగ్గాయి, ఊపిరి కుదురుకుంది. చాలాసేపటికి రాజ్యశ్రీ కళ్లలో తెలివి కనబడింది.

"నలుగురిల పడ్డ అత్తమ్మా," అంది మెల్లగా.

"పడితే పడ్డావు. మాత్ర మానమని నీకెవరు చెప్పారే?" నిర్మలాదేవి ఆమె మూతి తుడిచింది. "వచ్చే అష్టమికి కడుపునిండా తిని, మాత్ర వేసుకునే ఇక్కడికి రావాలి. వింటున్నావా?"

రాజ్యశ్రీ తలూపింది.

నిర్మలాదేవి కుచ్చెళ్లు ఎగదోపి, ఒడ్డున ఆగిపోయిన బతుకమ్మను ఎత్తుకుంది.

"దీన్ని ఎలా వదలాలో ఎవరైనా చెప్పి చావండే," అంటూ నీళ్లలోకి దిగింది.