పెద్దమ్మ తుడుపు గుడ్డలు

పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే ఆ షెడ్డులో ఊడ్చి తుడిచే ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. దుమ్ము కనిపిస్తే చాలు, ఆవిడకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. బల్లల కింద, కిటికీ చట్రాల్లో, ఫ్యాను రెక్కల మీద నలుసు ఉండడానికి వీల్లేదు. గుడ్డలు అక్కడే ఉతికితే నీళ్లు దండగని యజమాని సణిగేవాడు, మహానుభావుడు. అందుకని ఆవిడ వాటిని మూటగట్టి ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కొచ్చేది. ఇరవై ఏళ్లుగా అదే వరస.

ఇంట్లో ఆవిడకి ఉన్నదల్లా ఆరేళ్ల మనవరాలు. ఈమధ్య ఆ పిల్లకి ఒకటే కడుపునొప్పి. ఇవాళ నేర్చుకున్న అక్షరం రేపటికి గుర్తుండదు. డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఒంట్లో సీసం, ఆ బ్యాటరీల్లో ఉండే విషమే, ఉందన్నాడు. ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే చదువు అబ్బడం కష్టమన్నాడు.

డాక్టరు పంపిన ల్యాబు అమ్మాయి ముందు షెడ్డుకి వచ్చి, తడి కాగితాలతో బల్లలు తుడిచి, వాటిని పరీక్షకని డబ్బీల్లో వేసుకుంది. మర్నాడు ఇంటికీ వస్తానంది. పరాయి మనిషి వస్తుంటే ఇల్లు ఎలా పడితే అలా ఉంచుతారా? పెద్దమ్మ పొద్దున్నే లేచి, మూటలోంచి కాస్త మంచి గుడ్డ ఏరి, పిల్ల పడుకునే చాపతో సహా ఇల్లంతా అద్దంలా తుడిచిపెట్టింది.

వారానికి ఫలితాలొచ్చాయి. షెడ్డు బల్లల మీదకన్నా పిల్ల చాప మీదే సీసం ఎక్కువ. తన షెడ్డు నిక్షేపంగా ఉందట అని యజమాని వీధంతా చాటాడు. ల్యాబు అమ్మాయి మాత్రం పెద్దమ్మని పక్కకి పిలిచి, ఇల్లు దేంతో తుడుస్తారని అడిగింది. ఆవిడ మూట విప్పి చూపించింది. ఆ గుడ్డల్లోని షెడ్డు దుమ్మే చాపకి అంటిందంది ఆ అమ్మాయి. తర్వాత మెల్లగా, గుడ్డలే కాదు, షెడ్డులో కట్టిన చీరతో కూడా పిల్లని ఎత్తుకోకూడదని చెప్పింది.

"శుభ్రంగా ఉంచుతున్నాననుకున్నానమ్మా," అంది పెద్దమ్మ. "నా చేతుల్తో నేనే విషం పెట్టాను దానికి."

గుడ్డలు ఇకనుంచి షెడ్డులోనే ఉతుకుతానని ఆవిడ యజమానికి తెగేసి చెప్పింది. ఆయన సణిగాడు. సణగనీ.

సాయంత్రం ఆవిడ గుమ్మం దగ్గరికి రాగానే పిల్ల చేతులు చాచి పరుగెత్తుకొచ్చింది.

"అక్కడే ఆగు. నన్ను ముట్టుకోకు."

పిల్ల చాచిన చేతులు చాచినట్టే నిలబడిపోయింది.

"నేనేం చేశాను అమ్మమ్మా?"

ఆవిడ పెరట్లోకి వెళ్లి నెత్తిమీద నీళ్లు గుమ్మరించుకుంది.